ఒక క్యాప్సూల్, మూడు అర్ధాయువులు: అయోడిన్-131 చికిత్సలో వేసిన లెక్కలు

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ చదివినవాళ్లందరికీ రేడియోధార్మిక క్షయం లెక్క గుర్తుంటుంది. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం. పరీక్షలో మొదట ఎంత ఉందో చెబుతారు, అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) చెబుతారు, ఎంత కాలం గడిచిందో కూడా చెబుతారు. మనం చేయాల్సింది సూత్రంలో వేయడమే. ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వచ్చాక ఆ మూడు అంకెలనీ ఎవరూ చేతికివ్వరు. లెక్క ఏ క్షణం నుంచి మొదలుపెట్టాలి, ఏ అర్ధాయువు వాడాలి, దేని మీద వాడాలి అనేవి మనమే తేల్చుకోవాలి. గుణకారం దగ్గర తప్పు జరగడం అరుదు. తేడాలు వచ్చేది ఈ మూడింటి దగ్గరే.

నేను మెడికల్ ఫిజిసిస్టుని, మా విభాగానికి రేడియేషన్ సేఫ్టీ బాధ్యత కూడా నాదే. కొత్తగా చేరే టెక్నాలజిస్టులకు చెప్పడానికి నేను ఎక్కువగా వాడే కేసు ఇది. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగికి 34 ఏళ్లు. పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్. థైరాయిడ్ మొత్తం తీసేశారు, మెడలో కొన్ని లింఫ్ గ్రంథులకు కూడా వ్యాధి పాకినట్టు బయాప్సీలో తేలింది. మా డాక్టరు గారు 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతకు కొలమానం) అయోడిన్-131 ఇవ్వాలని నిర్ణయించారు. ఇంట్లో 3 ఏళ్ల పాప ఉంది.

థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను వెతికి లోపలికి లాక్కుంటాయి. ఆపరేషన్ తర్వాత మిగిలిపోయిన కణాలు, వాటి నుంచి పుట్టిన క్యాన్సర్ కణాలు చాలావరకు ఆ గుణాన్ని నిలుపుకుంటాయి. అయోడిన్-131 విడుదల చేసే బీటా కణాలు కణజాలంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటవు కాబట్టి దెబ్బ పక్కనే తగులుతుంది. దాంతో పాటు వచ్చే 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు మాత్రం శరీరం దాటి బయటికి వస్తాయి. స్కాన్ తీయడానికి పనికొచ్చేవి అవే, చుట్టుపక్కలవాళ్ల గురించి మనం ఆలోచించాల్సి రావడానికి కారణమూ అవే. అయోడిన్-131 అర్ధాయువు 8.025 రోజులు, గంటల్లో 192.6. నేను గంటల్లోనే లెక్క వేస్తాను, ఎందుకంటే మా పనిలో ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది.

లేబుల్ మీది అంకె ఏ గంటకి?

మన దేశంలో ఈ మందు ప్రధానంగా ట్రాంబేలోని రియాక్టరులో టెల్లూరియాన్ని న్యూట్రాన్లతో తాడించి తయారవుతుంది, అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ ద్వారా ఆసుపత్రులకు చేరుతుంది. సీసపు డబ్బా మీద ఒక యాక్టివిటీ (రేడియోధార్మికత ఎంతో చెప్పే అంకె), దాని పక్కనే ఒక తేదీ, ఒక సమయం ఉంటాయి. ఈ రెండోది చదవకపోతే మొదటిదానికి అర్థం లేదు. మాకు వచ్చిన క్యాప్సూల్ మీద ఉన్నది 110 మిల్లీక్యూరీలు, బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు.

డబ్బా చేరింది మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు. మా టెక్నాలజిస్టు అమ్మాయి యాక్టివిటీని కొలిచే డోస్ క్యాలిబ్రేటరులో పెట్టి చూస్తే 117.4 వచ్చింది. "సార్, ఎక్కువ పంపించారేమో" అని కంగారు పడింది. ఎక్కువేమీ కాదు. లేబుల్ సమయానికి ఇంకా 21 గంటలు ఉంది, కాబట్టి లెక్క వెనక్కి వేయాలి. సూత్రం ఇది:

మిగిలింది = మొదట ఉన్నది × (½)^(గడిచిన కాలం ÷ అర్ధాయువు)

గడిచిన కాలం ఇక్కడ మైనస్ 21 గంటలు. 21ని 192.6తో భాగిస్తే 0.109. ½ని మైనస్ 0.109 ఘాతానికి ఎత్తితే 1.0785. దాన్ని 110తో గుణిస్తే 118.6. మీటరు చూపించింది 117.4, అంటే ఒక శాతం తేడా. సరిపోయింది. ఈ సరిచూపు ప్రతి డబ్బాకీ చేస్తాం, ఎందుకంటే రోగి మింగాక మళ్లీ కొలిచే వీలుండదు.

మందు ఇవ్వాల్సింది గురువారం ఉదయం 11 గంటలకు, అంటే లేబుల్ సమయం తర్వాత 23 గంటలకు. 110 × 0.9206 = 101.3 మిల్లీక్యూరీలు. ఆ అంకె చూసుకునే 110 ఆర్డరు పెట్టాం.

గురువారం పొద్దున టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) రిపోర్టు 22 వచ్చింది. థైరాయిడ్ మాత్రలు ఆపి ఈ హార్మోనును 30కి పైగా పెరగనివ్వాలి, అప్పుడే మిగిలిన కణాలు అయోడిన్‌ను బాగా తీసుకుంటాయి. డాక్టరు గారు ఒక వారం ఆగుదామన్నారు. వైద్యపరంగా సరైన నిర్ణయమే. రోగికీ ఇంట్లోవాళ్లకూ మాత్రం టెన్షన్. మాకు వెంటనే వచ్చిన ప్రశ్న, సీసపు డబ్బాలో ఉన్న ఆ క్యాప్సూల్ వచ్చే గురువారానికి ఎంత అవుతుంది?

ఇక్కడ చాలామంది మనసులో వేసుకునే లెక్క ఒకటుంది. 8 రోజులకు సగం పోతుంది, అంటే రోజుకు సగంలో ఎనిమిదో వంతు, 6.25 శాతం. ఇది నిజం కాదు. మొదటి రోజే 8.3 శాతం పోతుంది. 4 రోజులకు 25 శాతం కాదు, 29 శాతం పోతుంది. ప్రతి రోజూ పోయేది ఆ రోజు ఉన్నదాంట్లో 8.3 శాతం కాబట్టి మొదట్లో ఎక్కువ పోతుంది, తర్వాత తర్వాత తక్కువ పోతుంది. ఎనిమిదో రోజు దగ్గర రెండు లెక్కలూ కలుస్తాయి, అది దాటాక పూర్తిగా విడిపోతాయి. సరళరేఖ లెక్క ప్రకారం 16వ రోజుకు సున్నా రావాలి. నిజంగా మిగిలేది నాలుగో వంతు.

తర్వాతి గురువారం ఉదయం 11 అంటే లేబుల్ సమయం నుంచి 191 గంటలు. దాదాపు ఒక పూర్తి అర్ధాయువు. 110 × 0.503 = 55.3 మిల్లీక్యూరీలు. ఎక్స్‌పైరీ తేదీ చూశాం, ఇంకా ఉంది. మందు చెడిపోలేదు, బలం తగ్గింది, అంతే. కావాల్సినది 100, కాబట్టి ఇంకో 44.7 కావాలి. తర్వాతి వారం డబ్బాకి కూడా లేబుల్ సమయం బుధవారం 12 గంటలే. 44.7ని 0.9206తో భాగిస్తే 48.6. ఆర్డరు 50కి పెట్టాం. గురువారం నాటికి అది 46.0 అవుతుంది. రెండూ కలిపి 101.3. ఆ రోజు కొలిస్తే పాతది 54.9, కొత్తది 46.3, మొత్తం 101.2 మిల్లీక్యూరీలు. టీఎస్‌హెచ్ కూడా 30 దాటింది. ఆమె రెండు క్యాప్సూళ్లూ మింగింది.

101 మిల్లీక్యూరీలంటే సెకనుకు 374 కోట్ల పరమాణువులు విఘటనం చెందడం. మొత్తం ఎన్ని పరమాణువులున్నాయో తెలుసుకోవాలంటే ఆ అంకెను విఘటన స్థిరాంకంతో భాగించాలి. 0.693ని సెకన్లలో ఉన్న అర్ధాయువుతో భాగిస్తే ఆ స్థిరాంకం వస్తుంది. అయోడిన్-131కి అది దాదాపు సరిగ్గా పది లక్షల్లో ఒకటి. అంటే ఏ పరమాణువుకైనా వచ్చే ఒక్క సెకనులో విఘటనం చెందే అవకాశం పది లక్షల్లో ఒక వంతు. నిన్న పుట్టినదైనా, పదిహేను రోజుల నాటిదైనా అంతే, పరమాణువుకు వయసు మీద పడదు. ఆ లెక్కన క్యాప్సూళ్లలో ఉన్నవి 37 కోట్ల కోట్ల పరమాణువులు. వాటి బరువు 0.81 మైక్రోగ్రాములు! పెద్దవాళ్లకు రోజూ ఆహారంలో కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. చికిత్సకు ముందు అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు మానమని ఎందుకు పట్టుబడతామో ఈ అంకెలే చెబుతాయి. మామూలు అయోడిన్ శరీరంలో నిండుగా ఉంటే మన 0.81 మైక్రోగ్రాములకు కణాల్లో చోటు దొరకదు.

శరీరంలోకి వెళ్లాక

డబ్బాలో ఉన్నంతసేపు అర్ధాయువు ఒకటే, భౌతిక అర్ధాయువు. శరీరంలోకి వెళ్లాక ఇంకొకటి కలుస్తుంది. అయోడిన్ మూత్రంలో బయటికి పోతుంది. శరీరం దాన్ని సగానికి తగ్గించుకునే కాలం జీవ అర్ధాయువు. రెండూ ఒకేసారి పనిచేస్తే వచ్చే ఫలితం ప్రభావక అర్ధాయువు. దాని విలోమం మిగతా రెండింటి విలోమాల మొత్తానికి సమానం. ఏది చిన్నదైతే ఫలితం దాని దగ్గరికి వస్తుంది, దానికంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఐసోలేషన్ గదిలో ఒక మీటరు దూరం నుంచి సర్వే మీటరుతో తీసిన రీడింగులు ఇవి, గంటకు మైక్రోసీవర్టుల్లో (శరీరానికి అందే రేడియేషన్ డోసుకు కొలమానం):

గురువారం ఉదయం 11, మందు ఇచ్చిన వెంటనే: 186
శుక్రవారం ఉదయం 11: 64
శుక్రవారం సాయంత్రం 5: 51
శనివారం ఉదయం 11: 26
తర్వాతి గురువారం ఉదయం 11, స్కానుకు వచ్చినప్పుడు: 4.8

భౌతిక అర్ధాయువు ఒక్కటే పనిచేస్తే శుక్రవారం ఉదయానికి 171 ఉండాలి. 64కి దిగింది. 186 నుంచి 64కి 24 గంటల్లో దిగిందంటే ప్రభావక అర్ధాయువు 15.6 గంటలు. విలోమాల లెక్కలో జీవ అర్ధాయువు 17 గంటలు వస్తుంది. ఈ దశలో పనంతా మూత్రపిండాలదే, రేడియోధార్మిక క్షయం పాత్ర చాలా చిన్నది. నీళ్లు బాగా తాగండమ్మా, మూత్రం ఆపుకోకండి అని నర్సులు గంట గంటకూ చెప్పేది అందుకే.

డిశ్చార్జికి మేం పాటించే పరిమితి ఒక మీటరు దగ్గర గంటకు 50 మైక్రోసీవర్టులు. 15.6 గంటల అర్ధాయువుతో లెక్కిస్తే 64 నుంచి 50కి రావడానికి అయిదున్నర గంటలు, అంటే శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. భర్త కారు మాట్లాడుకుని వచ్చారు. అయిదు గంటలకు కొలిస్తే 51.

"51కీ 50కీ ఏం తేడా సార్, పంపించేయండి" అన్నారాయన.

న్యాయమైన మాటే. సర్వే మీటరు అనిశ్చితి ఆ ఒక్క అంకె కంటే పెద్దది. ఇంకో గంట ఆగితే 50 కిందికి వచ్చేదే. కానీ నాకు ఆ రీడింగులో కనిపించింది వేరు. లెక్క ప్రకారం 49 రావాల్సిన చోట 51 వచ్చింది. 64 నుంచి 51కి 6 గంటల్లో దిగిందంటే అర్ధాయువు ఇప్పుడు 18 గంటలు దాటింది. తగ్గే వేగమే తగ్గుతోంది. పైగా వాళ్లది 5 గంటల ప్రయాణం, పక్కన డ్రైవరు. ఆ సాయంత్రం బయల్దేరితే మీటరు దూరంలో ఉన్నవాళ్లకు 250 మైక్రోసీవర్టుల దాకా, మర్నాడు ఉదయం బయల్దేరితే 130. రోగికి ఒక రాత్రి అసౌకర్యం, అంతే. ఆ రాత్రి ఉంచేశాం. శనివారం 26 వచ్చింది, పంపించాం.

తోకలో ఉన్న డోసు

వెళ్లేముందు భర్త అడిగినవి రెండు. "8 రోజులకి సగం పోతుందన్నారు, 16 రోజులకి మొత్తం పోయినట్టేనా సార్?" మొత్తం పోవడమనేది ఉండదని, 16 రోజులకు నాలుగో వంతు మిగులుతుందని కాగితం మీద వేసి చూపించాను. ఆ సందేహం తీర్చడం సులువు. రెండోది రీడింగుల ఛార్టు చూసి అడిగారు. "రెండు రోజుల్లో 186 నుంచి 26కి దిగింది కదా, ఇంకో నాలుగు రోజుల్లో ఏమీ ఉండదు. బుధవారం నుంచి పాపని ఇంటికి తెచ్చుకోవచ్చా?"

ఆయన వేసిన లెక్క తెలివైనదే, ఆ వేగం అలాగే ఉంటే నిజమే అయ్యేది. 26 నుంచి పద్దెనిమిదిన్నర గంటల అర్ధాయువుతో కొనసాగిస్తే తర్వాతి గురువారానికి 0.3 రావాలి. వచ్చింది 4.8. పదహారు రెట్లు ఎక్కువ.

కారణం శరీరంలో అయోడిన్ ఒకచోట లేకపోవడం. ఎక్కువ భాగం రక్తంలో, కణజాలాల్లో తిరుగుతూ మూత్రంలో పోతుంది. కొద్ది భాగాన్ని మెడలో మిగిలిన థైరాయిడ్ కణాలు పట్టుకుంటాయి. మనకు కావాల్సింది అదే, చికిత్స చేసేది అదే. దాన్ని అవి అంత తేలిగ్గా వదలవు. ఈ రెండో భాగానికి సాధారణంగా వాడే ప్రభావక అర్ధాయువు 7.3 రోజులు. విలోమాల లెక్క తిప్పి వేస్తే జీవ అర్ధాయువు 81 రోజులు వస్తుంది. అంటే ఇక్కడ మూత్రపిండాలకు పనేమీ లేదు, తగ్గించేదంతా రేడియోధార్మిక క్షయమే. మొదటి రోజు చూసినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

మా రీడింగులను రెండు భాగాలుగా విడదీస్తే మొదటి 186లో 9.3 నెమ్మది భాగం, మిగతాది 14.7 గంటల అర్ధాయువు ఉన్న వేగపు భాగం. ఈ రెండు అంకెలతో వేస్తే 24 గంటలకు 65, 30 గంటలకు 51, 48 గంటలకు 26, వారానికి 4.8 వస్తాయి. అన్నీ కొలిచినవాటితో కుదురుతున్నాయి.

ఇంటికి వెళ్లాక ఇతరులకు అందే మొత్తం డోసు కావాలంటే వక్రరేఖ కింద ఉన్న వైశాల్యం చూడాలి. అది అప్పటి రీడింగు × అర్ధాయువు × 1.443. డిశ్చార్జి రోజు ఉన్న 26లో వేగపు భాగం 18.3. 18.3 × 14.7 × 1.443 = 388 మైక్రోసీవర్టులు. నెమ్మది భాగం 7.7 మాత్రమే, కానీ దాని అర్ధాయువు 175 గంటలు. 7.7 × 175.2 × 1.443 = 1,947. రీడింగులో మూడో వంతు కూడా లేని భాగం డోసులో అయిదు రెట్లు ఇస్తోంది. వార్డులో మనల్ని భయపెట్టేది 186, ఇంట్లో లెక్కలోకి వచ్చేది ఈ 7.7. ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగి చెప్పేది ఇక్కడే. డిశ్చార్జి రీడింగు ఒక్కటే చూసి జాగ్రత్తలు చెప్పే అలవాటు సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఇక పాప సంగతి. 3 ఏళ్ల పిల్ల అంటే మీటరు దూరంలో కూర్చోదు, ఒళ్లోకి వస్తుంది, మెడ పట్టుకుంటుంది. 30 సెంటీమీటర్ల దగ్గర రీడింగు మీటరు దగ్గరకంటే సుమారు 11 రెట్లు. రోజుకు 3 గంటలు ఒళ్లో ఉంటుందనుకుందాం, అంటే రోజులో ఎనిమిదో వంతు. మందు ఇచ్చిన 7వ రోజు నుంచి అలా మొదలైతే: 4.8 × 252.8 (అంటే 175.2 × 1.443) = 1,213, దాన్ని 11తో గుణించి 8తో భాగిస్తే 1,668 మైక్రోసీవర్టులు. సామాన్య ప్రజలకు ఏడాది పరిమితి 1,000. 14వ రోజు నుంచి మొదలైతే రీడింగు 2.5కి తగ్గి ఉంటుంది, మొత్తం 870 దగ్గర ఆగుతుంది. అందుకని రెండు వారాలు చెప్పాం. "మా అత్తగారి దగ్గరే ఉంచుతాం సార్, వీడియో కాల్ చేసుకుంటాం" అన్నారు భర్త. పాప తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. లెక్క సరైనదే అయినా, ఆ రెండు వారాలు తల్లికి ఎంత భారమో మనం మర్చిపోకూడదు. అందుకే అనవసరంగా ఒక్క రోజు కూడా ఎక్కువ చెప్పను, "ఎందుకైనా మంచిది, నెల రోజులు" లాంటి మాటలు నాకు నచ్చవు. వారం తర్వాత స్కానుకు వచ్చినప్పుడు 4.8 చూసి, రెండు వారాల మాటే ఖాయం చేశాం.

ట్యాంకు, బట్టల సంచీ

శనివారం ఉదయానికి ఆమె శరీరంలో మిగిలింది 101లో 26/186 వంతు, అంటే సుమారు 14 మిల్లీక్యూరీలు. రెండు రోజుల క్షయం మాత్రమే జరిగి ఉంటే 85 ఉండాలి. తేడా 71 మిల్లీక్యూరీలు. ఐసోలేషన్ టాయిలెట్ నుంచి అవి డిలే ట్యాంకులోకి (రేడియోధార్మికత తగ్గేదాకా మురుగును నిలిపి ఉంచే ట్యాంకు) వెళ్లాయి. ట్యాంకులో మళ్లీ 8.025 రోజుల అర్ధాయువు ఒక్కటే, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

వారానికి ఒక రోగి చొప్పున 6 వారాల పాటు ఇలా 71 చేరాయనుకుంటే, ట్యాంకు మూసేరోజు లోపల ఉండేది 426 కాదు. ఒక్కో వారానికీ పాతది 0.546 వంతుకు తగ్గుతూ వస్తుంది కాబట్టి మొత్తం 152. అక్కడి నుంచి 80 రోజులు, దాదాపు పది అర్ధాయువులు, అంటే వెయ్యో వంతు, 0.15 మిల్లీక్యూరీ. ఆ 80 రోజుల లెక్క మొదలవ్వాల్సింది చివరి రోగి తర్వాత వాల్వు మూసిన రోజు నుంచి. మొదటి రోగి తేదీ నుంచి లెక్కపెడితే అయిదు వారాలు ముందే ట్యాంకు తెరిచినట్టవుతుంది. అందుకని మా రిజిస్టరులో వాల్వు మూసిన తేదీకి విడిగా గడి పెట్టాం. పది అర్ధాయువులు గడిచినంత మాత్రాన వదిలేయం. శాంపిల్ తీసి కొలిచి, గాఢత ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతించిన పరిమితికి లోపల ఉందని రాసుకున్నాకే మురుగు కాలువలోకి వదులుతాం.

ఆమె వాడిన దుప్పట్లు, దిండు గలీబులు సంచీలో కట్టి తేదీ రాశాం. సంచీ ఉపరితలం మీద గంటకు 12 మైక్రోసీవర్టులు. మా గదిలో సహజ నేపథ్యం 0.1, దానికి రెట్టింపు 0.2 దాకా వస్తే లాండ్రీకి పంపిస్తాం. నేపథ్యం తగ్గేది కాదు, కాబట్టి దాన్ని రెండింట్లోంచీ తీసేసి 11.9ని 0.1తో భాగిస్తే 119. 119 రావాలంటే 2ని 6.9సార్లు గుణించాలి, అంటే 6.9 అర్ధాయువులు, 55 రోజులు. 56వ రోజున తీసి కొలిస్తే 0.2కి కాస్త తక్కువ వచ్చింది, రిజిస్టరులో సంతకం పెట్టి లాండ్రీకి పంపేశాం.